వక్తృత్వమునకు పరమార్థము
(గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితమును గూర్చి కర్నూలు యువజన కార్యకర్తల సభలో చేసిన యుపన్యాసము)



మన సీమలో వానలకు కఱవున్నది గాని యుపన్యాసములకు కఱవు లేదు. ఎన్నికల సంవత్సరము వచ్చినదా, ఆదోని మొదలు బద్వేలు వఱకు ప్రతి కూడలియందును వేదికలు లేచును, శబ్దయంత్రములు మ్రోగును, లారీలలోను ట్రాక్టర్లలోను జనము వచ్చి దిగును. వక్త చేయి యెత్తగనే చప్పట్లు, దింపగనే యీలలు. మఱునాడు పందిరి విప్పుదురు. గుంజలు పాతిన గుంతలు మాత్రము మిగిలియుండును. ఇట్టి వాగ్వృష్టి నడుమ నివసించుచున్న మనము, మాటను వ్రతముగా నెంచిన యొక కర్నూలు బిడ్డను నేడు స్మరింపవలసి యున్నది. ఆయన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. ఆంధ్రులు ఆయనను 'ఆంధ్ర తిలక్' అని గౌరవించిరి.

స్తోత్రపాఠము మా యుద్దేశము కాదు. పూలదండ వేసి యింటికిఁ బోవుటకు మీ రిక్కడికి రాలేదు. మా మనస్సున మెదలుచున్న ప్రశ్న యొక్కటి కలదు: జనసమూహమును మాటతో కదలింపఁగల శక్తి యెవనికైనను లభించినప్పుడు, ఆ శక్తిని ఆతఁడు దేనికి వినియోగింపవలెను? తన పదవికా? తన కులమునకా? ఒక రాత్రి యావేశమునకా? ఈ ప్రశ్నకు హరిసర్వోత్తమరావుగారు గ్రంథము వ్రాసి సమాధానము చెప్పలేదు. తమ జీవితమే సమాధానముగా నడపిరి. కావున ఆ జీవితమును వరుసగాఁ జూతము.

ఆయన 1883వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. కలిగిన కుటుంబము కాదు. చెన్నపట్టణమునఁ జదివి 1906లో ఎం.ఏ. పట్టమును పొందిరి. ఆ కాలమున ఎం.ఏ. చదివిన తెలుగువారిని వ్రేళ్ళమీఁద లెక్కింపవచ్చును. సర్కారు కొలువు చేయి చాచి పిలుచుచుండెను. తహసీలుదారు పదవియో, కళాశాలలో నుపాధ్యాయ పదవియో దొరకుట కడ్డులేదు. ఆయన రాజమహేంద్రవరము ట్రెయినింగు కళాశాలలో ఉపాధ్యాయశిక్షణకుఁ జేరిరి. బుద్ధిగాఁ జదువుకొని యుండినచో ఆయన కథ అంతటితో ముగిసి, పింఛను కాగితములలో నొక పేరుగా మిగిలియుండెడిది.

1907లో బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమునకు వచ్చిరి. వంగవిభజనపై రగిలిన యాగ్రహమును ఆ వంగదేశీయుఁడు గోదావరి తీరమునకుఁ గొనివచ్చెను. ఆయన ఆంగ్లోపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెలుఁగు చేసి వినిపించిరి. విద్యార్థులు వందేమాతరము బిళ్ళలు ధరించి తరగతులకు వచ్చిరి. అప్పటి కళాశాలాధ్యక్షుఁడు మార్కు హంటరుగారు దీనిని సహింపఁజాలక శిక్షలు విధించెను. ఆ విద్యార్థులలో ముందున్న హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కృతులైరి. సర్కారు కొలువునకు ద్వారము శాశ్వతముగా మూయఁబడెను. ఒక యువకుని నోరు మూయుటకుఁ జేసిన పని, ఆ నోటిని దేశమునకుఁ దెఱచినది.

మఱుసంవత్సరము, అనఁగా 1908లో, ఆయన బెజవాడనుండి 'స్వరాజ్య' యను వారపత్రికను నడపఁజొచ్చిరి. ఆ సంవత్సరము మార్చిలో దక్షిణమునఁ దిరునెల్వేలియందు చిదంబరం పిళ్ళెగారి నిర్బంధమునకు నిరసనగా ప్రజలు వీథులలోనికి రాఁగా పోలీసులు కాల్పులు జరిపిరి, ప్రాణములు పోయినవి. ఆ యన్యాయమును ఖండించుచు 'స్వరాజ్య'లో వెలువడిన వ్రాఁత దొరలకు రాజద్రోహముగాఁ దోఁచెను. విచారణ జరిగెను, తుదకు మూఁడేండ్ల కారాగారము ప్రాప్తించెను. అదే సంవత్సరము జూలై 22వ తేదీన బొంబాయిలో లోకమాన్య తిలకుగారికి ఆఱేండ్ల శిక్ష పడినది. మాండలేకు ఆయన, వేలూరుకు మన కర్నూలువారు. రాజద్రోహ నేరమునకుఁ జెఱఁబడిన తెలుఁగువారిలో మొదటివాఁ డీయనయే యని చరిత్రకారులు చెప్పుదురు. ఎం.ఏ. చదివిన యా మనుష్యుని దొంగలతోను దోపిడిగాండ్రతోను గలిపి, సంకెళ్ళు తొడిగి, మట్టిచిప్పలోఁ గూడు పెట్టిరి.

న్యాయవాదవృత్తిలో నున్నవారము గావున ఇచ్చట ఆ చట్టమును గూర్చి యొక మాట చెప్పక తప్పదు. శిక్షాస్మృతి 1860లో వచ్చినది. రాజద్రోహమునకు సంబంధించిన 124-ఏ సెక్షనును 1870లో దానికిఁ జేర్చిరి. ప్రభుత్వముపై 'అప్రీతి' కలిగించుటయే నేర మనఁగా, ప్రీతిని చట్టముచేఁ బుట్టింపఁ జూచుటయే కదా! దొరలు పోయిరి గాని ఆ సెక్షను పోలేదు. 1962లో కేదారనాథ సింగు వ్యాజ్యమున సుప్రీముకోర్టు దానిని నిలిపియుంచుచు, హింసకుఁ బురికొల్పు మాటలకే పరిమితము చేసినది. 2022 మే 11వ తేదీన దాని యమలును నిలిపివేసినది. 2024 జూలై 1వ తేదీనుండి క్రొత్త న్యాయసంహిత వచ్చి పాత శిక్షాస్మృతి తొలఁగినది. ఆ మాట పోయినను, దేశ సార్వభౌమత్వమునకు భంగము కలిగించు చేష్టలను గూర్చి 152వ సెక్షను నిలిచినది. కత్తి మాఱినను ఒర యక్కడనే వ్రేలాడుచున్నది. కావున 1908 నాఁటి కథను పాతకథ యని త్రోసివేయరాదు.

చెఱనుండి వెలువడిన పిదప ఆయనకు ఎదురైనది జయజయధ్వానము కాదు. సర్కారు కన్నెఱ్ఱఁజేసిన వానిని ఇంటిగడప త్రొక్కనిచ్చుటకు పెద్దలు జంకిరి. ఇది మనము మఱవఁగూడని సంగతి. జనము ఎవనిని భుజములపై మోయునో, కష్టకాలమున వానిని గుర్తింపనట్లు ప్రక్కకుఁ దిరిగి పోవుటయుఁ గలదు. అట్టి సమయమున అండయైన వారు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. విజ్ఞానచంద్రికామండలి యను గ్రంథప్రచురణ సంస్థకు ప్రాణము పోసిన యా పండితుఁడు హరిసర్వోత్తమరావుగారికిఁ బని కల్పించిరి. ఆ మండలికిని ఈయనకును బంధము అంతకుముందే యున్నది. 1907లో ఆ మండలి తొలిగ్రంథముగా వెలువరించిన 'అబ్రహాము లింకను చరిత్ర' ఈయన రచనమే.

ఈ లింకనుచరిత్రకడ మనము కొంచెము నిలువవలెను. ఇరువదినాలుగేండ్ల తెలుఁగు యువకుఁడు తన తొలిగ్రంథమునకు రాజుల కథ నెన్నుకొనలేదు, దేవతల కథ నెన్నుకొనలేదు. ఎక్కడో అమెరికాలో, కఱ్ఱల గుడిసెలోఁ బుట్టి, బడిముఖము చాలని యేండ్లు చూచి, అరువుపుస్తకములతోఁ జదువుకొని, వకీలై, వక్తయై, తుదకు బానిసత్వమును రూపుమాపుటకుఁ బూనుకొన్న యొక సామాన్యుని కథ నెన్నుకొనెను. 1863 నవంబరు 19వ తేదీన గెటిస్బర్గు రణభూమిలో ఎడ్వర్డు ఎవరెట్టు అను మహావక్త రెండుగంటలు మాటలాడెను. తరువాత లింకను లేచి రెండుమూఁడు నిమిషములలోఁ దన మాట ముగించెను. లోకము జ్ఞాపకముంచుకొన్నది ఆ చిన్నమాటనే. మన వేదికలపై గడియారము చూడని వక్తలందఱు ఈ సంగతిని కంఠపాఠము చేయుట మంచిది.

తరువాత ఆయన ఆంధ్రపత్రికలోఁ బనిచేసిరి. 1916లో హోంరూలు ఉద్యమము వచ్చినప్పుడు ఆంధ్రశాఖకుఁ గార్యదర్శియై తిరిగిరి. 'మాతృసేవ' యను పత్రికను నడపిరి. 1920ల చివర మన ప్రాంతముపక్షమున మద్రాసు శాసనమండలిలోఁ గూర్చుండిరి. వేదిక, పత్రిక, శాసనసభ: ఈ మూఁడును ఆయనకుఁ దెలియును. ఈ మూఁటియందును మాటయే పనిముట్టు.

ఆ తరమువారు మాటతోఁ జేసిన పనులలో నొకదానిని మనము ప్రతిదినము నోట నుచ్చరించుచుందుము. ఎవరు చేసిరో తలఁపము. 1800లో నిజాము తన రక్షణకై యుంచుకొన్న సైన్యపు ఖర్చుక్రింద మన మండలములను కంపెనీవారికి ధారపోసెను. ఇచ్చినవాఁడు నిజాము, పుచ్చుకొన్నవాఁడు దొర. భూమిమీఁద నున్న మనల నడిగినవారు లేరు. 1839లో కర్నూలు నవాబు రాజ్యముకూడ దొరల వశమైనది. నూఱేండ్లకుఁ బైగా మనకు 'దత్తమండలములు' అనియే పేరు. పసులమందను దానము చేసినట్లు దత్తము! 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభ సందర్భమునఁ గడప కోటిరెడ్డిగారి యధ్యక్షతను దత్తమండలముల సభ జరిగినప్పుడు, చిలుకూరి నారాయణరావుగారు సూచించిన 'రాయలసీమ' యను పేరు నిలిచినది. ఒక్క పదము మాఱినది. దానితో మనల మనము చూచుకొను చూపు మాఱినది. అయితే పేరు మాఱినంతనే పెన్నలోనికి నీరు రాదు. 1937 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమున శ్రీబాగు భవనములోఁ గోస్తా నాయకులును సీమ నాయకులును చేసికొన్న యొడంబడికలో తుంగభద్రా, కృష్ణా, పెన్నా జలముల విషయమున సీమకు మొదటిచోటు ఇత్తు మని వ్రాసిరి. రాజధానియో ఉన్నతన్యాయస్థానమో కోరుకొను హక్కును ఇచ్చిరి. 1953 అక్టోబరు 1న రాజధాని కర్నూలునకు వచ్చెను. 1956 నవంబరులో హైదరాబాదునకుఁ బోయెను. నీటి మాట యేమైనదో మీ చేలను అడుగుఁడు.

ఇచ్చట మా ప్రధానవిషయము వచ్చినది. ఆ యొడంబడిక యేల గట్టిగా నిలువలేదు? కారణములు పెక్కు. మాకుఁ దోఁచిన యొక కారణమేమనఁగా, అందులో నేమి వ్రాసియున్నదో చదివి, అడిగి, వదలక వెంటఁబడు ప్రజాసమూహము మనకు లేకపోయినది. 1951 జనాభాలెక్కలలో దేశమున నూటికి సుమారు 18 మంది మాత్రమే అక్షరాస్యులు. చదువలేనివాని చేతిలోనున్న హక్కుపత్రము, గ్రుడ్డివాని చేతి దీపము. వక్త చెప్పినదే వేదము. వక్త మఱచిన నాఁడు అదియు లేదు.

హరిసర్వోత్తమరావుగారు ఈ లోపమును కనిపెట్టిరి. వాగ్ధాటికిఁ బేరుపడిన యా మనుష్యుఁడు తన జీవితపు పెద్దభాగమును వేదికకు వెలుపల, గ్రంథాలయములకును వయోజనవిద్యకును ధారపోసిరి. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో నెలకొన్న ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషిఫలము. దానికి హరిసర్వోత్తమరావుగారు చిరకాలము అధ్యక్షులై యుండిరి. గ్రంథాలయమే ఆ యుద్యమమునకు సభామందిరము. ఒకఁడు చదువుట, పదిమంది వినుట, మఱునాఁడు ఆ పదిమందిలో నొకఁడు తానే చదువఁగోరుట. కోస్తాలో 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలపైఁ బడవలోఁ బుస్తకములు త్రిప్పిరి. కర్నూలు–కడప కాలువ యొక్కటి దక్క మన మెట్టసీమలోఁ బడవ తేలు కాలువ యెక్కడిది? మనకుఁ గాలినడకయే గతి. ఆ యుద్యమఫలముగా 1948లో మద్రాసు పౌరగ్రంథాలయముల చట్టము వచ్చినది.

'వక్తకు గ్రంథాలయముతోఁ బనియేమి?' యని కొంద ఱడుగుదురు. మా సమాధానమిది. ఉపన్యాసము వినినవాఁడు వక్త కళ్ళతోఁ జూచును. పుస్తకము చదివినవాఁడు కొన్నాళ్ళకైనను తన కళ్ళతోఁ జూచును. ఒక వక్త తన శ్రోతలను పాఠకులుగా మార్చినచో, వారు రేపు తననే ప్రశ్నింతురు. పదవిని కోరు వక్త కిది భయంకరము. హరిసర్వోత్తమరావుగారు భయపడలేదు, ఆ ప్రశ్నించువారినే తయారుచేయ నెంచిరి.

ఇంకొక యాక్షేపము గలదు. అది బలమైనది, దాఁటవేయరాదు. 'ఆయన ఏ మంత్రి యైనాఁడు? ఏ యానకట్ట కట్టించినాఁడు? పుస్తకము తిన్న కడుపు నిండునా? పేదవానికిఁ గావలసినది బియ్యము, పింఛను, మందు. ఇవి యిచ్చిన నాయకుఁడే ప్రజానాయకుఁడు' అని. ఇందలి సత్యము మేమెఱుఁగుదుము. 1876–78 నాఁటి మహాక్షామమున ఆఁకటితోఁ బ్రాణములు విడిచిన సీమ యిది. ఆఁకలిగొన్నవానికి గ్రంథాలయము చూపుట పాపము.

అందుచేతనే 1960వ సంవత్సరమును మీ ముందుంచుచున్నాము. ఆ జనవరి 11వ తేదీన మన కర్నూలుచెంత పెద్దపాడు గ్రామమున నిఱుపేద దళితకుటుంబమునఁ బుట్టిన దామోదరం సంజీవయ్యగారు ఆంధ్రప్రదేశమునకు ముఖ్యమంత్రి యైరి. దేశములోనే తొలి దళిత ముఖ్యమంత్రి. చదువు ఆయనను న్యాయవాదిని చేసినది. ఆయన ప్రభుత్వము వృద్ధులకుఁ బింఛను నేర్పఱచినది. అదే సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన హరిసర్వోత్తమరావుగారు కన్నుమూసిరి. అదే సంవత్సరము ఆంధ్రప్రదేశ పౌరగ్రంథాలయముల చట్టము వచ్చినది. పింఛనును, పుస్తకమును ఒక్క యేఁటి సంతానములు. వీనిని ఒకదానికొకటి శత్రువులుగాఁ జిత్రించువారు మనలను మోసగించుచున్నారు. పింఛను కడుపును నిలుపును. అది దయాభిక్ష కాదు, హక్కు అని తెలుపునది చదువు. హక్కని తెలియని నాఁడు, ఇచ్చిన ప్రతి రూపాయిపై నాయకుని బొమ్మ యుండును. పుచ్చుకొన్నవాఁడు తల వంచి నమస్కరించుచుండును.

జనరంజకత్వమునకును జనసేవకును భేద మిందే యున్నది. ఈ కాలమున ఏ పక్షమువాఁడైనను వేదిక నెక్కి వరముల జాబితా చదువును. అది నేరము కాదు. ఆ వరమునకు సొమ్మెచ్చటిదో, ఎన్నాళ్ళు సాగునో, పోయినసారి చెప్పినదానిలో నెంత నెఱవేఱినదో అడుగు నోళ్ళను ఆతఁడు పెంచుచున్నాఁడా, నొక్కుచున్నాఁడా యనుటయే మన గీటుఱాయి. ఆ ఱాతిపై గీచినప్పుడు బంగారమును ఇత్తడియుఁ దెలిసిపోవును.

ఇప్పుడు మన యిల్లు చూచుకొందము. 2011 జనాభాలెక్కలలో కర్నూలు జిల్లా అక్షరాస్యత నూటికి సుమారు 60, కడప జిల్లాది 67. అనఁగా హరిసర్వోత్తమరావుగారు పుట్టిన జిల్లాలో ఆయన పోయిన యేఁబదియేండ్లకును పదిమందిలో నలుగురు చదువలేనివారే. వేమన పద్యములను వెదకి యచ్చువేయించిన బ్రౌనుదొర నివసించిన కడపలో ఆయన పేర గ్రంథాలయము నిలిచియున్నది. అది మనకు గర్వకారణము. అయితే ఊరిలోని శాఖాగ్రంథాలయముల సంగతి యేమి? తలుపు తెఱచువాఁ డుండఁడు. ఉన్నచోటఁ గ్రొత్తపుస్తకము రాదు.

దీనికి సొమ్ము లేదనువారున్నారు. చట్టము తెలిసినవారము గావున మే మొక సంగతి చెప్పుదుము. మీరు చెల్లించు ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపన్ను వసూలగుచున్నది. అది స్థానికసంస్థలు వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకుఁ జెల్లింపవలసిన సొమ్ము. పెక్కుచోట్ల అది సకాలమునఁ జేరక బాకీపడుచుండుట బహిరంగరహస్యము. మన పుస్తకముల సొమ్ము మన మిచ్చియే యున్నాము. అది ఎక్కడ నిలిచినదో యడుగుటయే మిగిలియున్నది. 2005 నాఁటి సమాచారహక్కు చట్టము ప్రకారము ఒక తెల్లకాగితముపై నాలుగు ప్రశ్నలు వ్రాసి యీయవచ్చును: గడచిన మూఁడేండ్లలో ఈ యూర గ్రంథాలయపన్ను ఎంత వసూలైనది? ఎంత చెల్లించితిరి? ఎంత బాకీ? ఎన్నఁడు చెల్లింతురు? ముప్పదిదినములలో సమాధానము రావలెను. గ్రామస్థాయిలో దరఖాస్తునకు రుసుమైనను లేదు.

కార్యకర్తలారా! మా కోరిక యిదియే. మీలో నొక్కొక్కరు ఒక్కొక్క యూరిని చేపట్టుఁడు. ఆ కాగితము వ్రాయుఁడు. వ్రాయుట రానివానిని ప్రక్కనఁ గూర్చుండఁబెట్టుకొని, వానిచేతనే సంతకము పెట్టించుఁడు. వేలిముద్ర వేయువాఁడు సంతకము నేర్చుకొనువఱకు వాని వాకిలి విడువకుఁడు. వచ్చిన సమాధానమును రచ్చకట్టపైఁ జదివి వినిపింపుఁడు. అప్పుడు మీరు ఉపన్యాసము చెప్పనక్కరలేదు; లెక్కయే మాటలాడును. ఇరువది యూళ్ళ సమాధానములు చేరినచో వానిని ఈ పత్రికలోనే ప్రచురింపఁ గోరుదుము. చట్టప్రకారము పైయధికారికి విన్నవించు భారమును రుసుము లేకయే మేము వహింతుము.

ఒక యువకుఁడు బిళ్ళ ధరించినందుకుఁ గొలువు పోఁగొట్టుకొనెను; వ్రాసినందుకు మూఁడేండ్లు సంకెళ్ళు మోసెను; మాటలాడఁగల శక్తి యుండియు, ఇతరులు మాటలాడుటకై జీవితము వెచ్చించెను. ఆయన పేరు నుచ్చరింప మనకర్హత గలుగవలెనన్న, నాలుగు ప్రశ్నల కాగితము వ్రాయుట పెద్దపని కాదు. సభ ముగిసిన పిదప బల్లపైఁ గాగితములు, కలములు ఉంచఁబడినవి. మీ యూరిపేరు వ్రాసి పొండు.

వందేమాతరము.